అద్దెకున్నవాళ్ళ అమ్మగారు డెక్ మెట్ల మీద పడ్డారు, లాయర్ లెటర్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

పాతింటి ఓనరు (న్యూజెర్సీ):

అందరికీ నమస్తే. రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది మిడిల్‌సెక్స్ కౌంటీ. 2014లో కొన్న ఇల్లు. 2022లో ఇంకో ఇల్లు కొనుక్కుని పక్క టౌన్‌కి మారాం. పాతదాని మీద లోన్ వడ్డీ 3 శాతం లోపే ఉంది, అమ్మబుద్ధి కాక అద్దెకిచ్చాం. ఇప్పుడు అందులో ఉంటున్నది మన తెలుగబ్బాయే. భార్య, మూడేళ్ళ పాప. నన్ను అన్నా అని పిలుస్తాడు, ఒకటో తారీఖు దాటకుండా అద్దె వేస్తాడు. సంక్రాంతికి వాళ్ళింటి నుంచి అరిసెలు కూడా వస్తాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళయితే నాకింత బాధ ఉండేది కాదు.

ఆగస్టులో వాళ్ళమ్మగారు విజయవాడ నుంచి వచ్చారు, ఆరు నెలలుండి వెళ్దామని. వయసు 63. అక్టోబర్ 18న, రాత్రికి చలి బాగా పెరుగుతుందన్నారని, పెరట్లో ఉన్న కరివేపాకు కుండీని లోపల పెడదామని ఆంటీ వెనక డెక్ (చెక్క అరుగు) మెట్లు దిగారు. మొత్తం అయిదు మెట్లు. కుండీ ఎడమ చంకలో పెట్టుకుని, కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాలుగో మెట్టు మీద రెయిలింగ్ బయటికి ఒరిగిపోయింది. ఆవిడ పక్కకి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు.

నేను మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశా. ఆ రెయిలింగ్ పోస్ట్‌ని కింద బోల్టులతో బిగించాల్సింది. ఎవరో మహానుభావుడు మూడు మేకులు కొట్టి వదిలేశాడు. అందులో రెండు తుప్పు పట్టి తలలు ఊడిపోయాయి. కర్ర అడుగుభాగం వేలితో నొక్కితే టీలో ముంచిన రస్కులా లోపలికి పోయింది. పైన రంగు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ఉంది, ఎందుకంటే అద్దెకిచ్చే ముందు నేనే వేయించా.

అసలు సమస్య ఇది. సెప్టెంబర్ 11న ఆ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టాడు: "అన్నా, వెనక మెట్ల రెయిలింగ్ కొంచెం ఊగుతోంది, వీలున్నప్పుడు చూడండి." నేను బొటనవేలు గుర్తు పెట్టి, "ఓకే, వీకెండ్ వస్తా" అన్నా. ఆ వీకెండ్ వర్షం. తర్వాతి వీకెండ్ మా అమ్మాయి అరంగేట్రం పనులు. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, మర్చిపోయా.

ఆంటీకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఒక్కోదానికి ఇంత అని లెక్కకట్టి ఇచ్చే చవక రకం. ఆస్పత్రి బిల్లు 46 వేల డాలర్ల పైచిలుకు. వాళ్ళిచ్చేది అందులో మూడో వంతు కూడా రాదట. మొదట్లో "అన్నా, కేసులూ అవీ ఏమొద్దు" అన్నవాడు బిల్లు చూశాక ఫోన్ తీయడం తగ్గించాడు. నిన్న సర్టిఫైడ్ మెయిల్‌లో లాయర్ లెటర్ వచ్చింది. ఆవిడ తరఫున మేమున్నాం, మీ ఇన్సూరెన్స్ వివరాలు పంపండి, రెయిలింగ్‌కి సంబంధించినవి ఏవీ పారేయొద్దు అని.

నాకు లాండ్‌లార్డ్ పాలసీ ఉంది. లయబిలిటీ, అంటే మన తప్పువల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ ఇచ్చేది, 3 లక్షల డాలర్ల దాకా. ప్రీమియం పెంచేస్తారేమో అని ఏజెంట్‌కి ఇంకా చెప్పలేదు. నా జేబులోంచి కొంత ఇచ్చేసి, నచ్చచెప్పుకుని ముగించుకోవచ్చా? మా ఆవిడ అయితే వాళ్ళని ఖాళీ చేయించెయ్ అంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఫ్రీ సలహా:

అన్నా, టెన్షన్ పడకు. మనవాళ్ళేగా. అయిదో పదో వేలు జెల్ (ఫోన్లో డబ్బు పంపే పద్ధతి) చేసి, ఇక మాకేం సంబంధం లేదని ఒక కాగితం రాయించుకో. ఇన్సూరెన్స్‌కి చెప్తే వచ్చే ఏడాది నుంచి వాయించేస్తారు. ఇంకో పని, వెంటనే ఒక ఎల్ఎల్‌సీ అనే కంపెనీ పెట్టి ఇల్లు దాని పేరు మీదకి మార్చెయ్. నీ మీద ఏమీ ఉండదు. ఆ వాట్సాప్ మెసేజ్ డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టెయ్యడానికి టైమ్ దాటిపోయిందా?

క్లెయిమ్స్ పాతకాపు:

పై సలహాలో ఉన్న మూడు పనుల్లో ఏ ఒక్కటి చేసినా మీరు మునుగుతారు. నేను 17 ఏళ్ళు ఇళ్ళ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ డెస్క్ మీద పనిచేశాను. లాయర్‌ని కాదు. అయినా ఇలాంటి ఫైళ్ళు వందలు చూశాను, మొదటి వారంలో ఓనరు చేసే పొరపాట్లే చివరిదాకా వెంటాడతాయి.

ముందు ఈ పోస్ట్ చదవడం ఆపి ఏజెంట్‌కి ఫోన్ చేయండి, ఆ లెటర్ స్కాన్ చేసి పంపండి. ప్రతి పాలసీలోనూ ప్రమాదం జరిగితే వీలైనంత త్వరగా తెలియజేయాలని ఉంటుంది. మీరు ఆలస్యం చేసి వాళ్ళ విచారణ చెడగొడితే, అదే సాకుగా కవరేజీ మీద పేచీ పెడతారు. ప్రీమియం పెరగొచ్చు, పెరుగుతుంది. ఏడాదికి కొన్ని వందల డాలర్ల సంగతి అది. ఇక్కడ ఆపరేషన్ చేసిన మణికట్టు, 46 వేల బిల్లు, దాని పైన నొప్పికీ ఇబ్బందికీ అడిగే డబ్బు. ఈ రెండిటికీ పోలికేముంది?

ఫోన్ చేస్తే ఏమొస్తుందో కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. లయబిలిటీ కవరేజీ అంటే చివర్లో చెక్కు రాయడం ఒక్కటే అనుకుంటారు. మీ తరఫున లాయర్‌ని పెట్టి వాదించే బాధ్యత కూడా వాళ్ళదే. ఆ ఖర్చు మామూలుగా మీ 3 లక్షల్లోంచి కోయరు కూడా. మీరు కట్టిన ప్రీమియంలో సగం విలువ అదే.

జెల్ విషయం. పాలసీ తీసి షరతుల పేజీ చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీని అడగకుండా మీ అంతట మీరు డబ్బిచ్చినా, ఇస్తానని మాటిచ్చినా అది మీ సొంత ఖర్చే అని రాసి ఉంటుంది. అప్పటికప్పుడు చేసే ప్రథమ చికిత్స ఖర్చుకే మినహాయింపు. పైగా ఆవిడకి ఇప్పుడు లాయర్ ఉన్నాడు. మీరు డబ్బు పంపి నోట్‌లో "సారీ ఆంటీ, మా తప్పే" అని రాశారనుకోండి, రేపు అది కోర్టు సాక్ష్యాల్లో ఎగ్జిబిట్ నంబర్ ఒకటి.

ఎల్ఎల్‌సీ: పడ్డాక ఇల్లు మార్చితే దాన్ని అప్పులవాళ్ళకి అందకుండా ఆస్తి దాచడం అంటారు, కోర్టు రద్దు చేయగలదు. ముందే పెట్టుకుని ఉన్నా, రెయిలింగ్ బాగుచేస్తానని మాటిచ్చి మర్చిపోయింది మనిషిగా మీరు. మీ సొంత నిర్లక్ష్యాన్ని ఎల్ఎల్‌సీ కప్పదు.

వాట్సాప్: ముట్టుకోకండి. మీ ఫోన్లో పోయినా ఆ అబ్బాయి ఫోన్లో ఉంటుంది, వాళ్ళ లాయర్ దగ్గర స్క్రీన్‌షాట్ ఇప్పటికే ఉండి ఉంటుంది. ఊగుతోందన్న మెసేజ్ మీకు నష్టమే, కాదనను. మీకు ముందే తెలుసు, అయిదు వారాల టైమ్ ఉంది, చేయలేదు. ఇలాంటి కేసుల్లో మొదట తేల్చేది ఇదే, ఓనరుకి తెలుసా, తెలిసి ఎన్నాళ్ళయింది అని. కానీ తెలిసి బాగుచేయనివాడు ఒక రకం, తెలిసి బాగుచేయక పైగా సాక్ష్యం చెరిపేసినవాడు ఇంకో రకం. రెండోవాణ్ణి జ్యూరీ ఎలా చూస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ పాలసీ గురించి ఒక చేదు నిజం. న్యూజెర్సీలో 2022లో ఒక చట్టం తెచ్చారు. అద్దెకిచ్చే ఇంటి ఓనరుకి కనీసం 5 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి. నాలుగు లేదా అంతకంటే తక్కువ యూనిట్లున్న బిల్డింగ్‌లో ఓనరు కూడా ఉంటే 3 లక్షలు చాలు. మీరు అక్కడ ఉండటం లేదు కాబట్టి మీకు 5 లక్షల లెక్క. ఏటా ఆ సర్టిఫికెట్ టౌన్‌షిప్‌లో రిజిస్టర్ చేయాలి కూడా. లేకపోతే 500 నుంచి 5,000 డాలర్ల దాకా ఫైన్. ఈ క్లెయిమ్‌కి పాత 3 లక్షలే వర్తిస్తుంది, ఇప్పుడు పెంచినా వెనక్కి వెళ్ళదు. అయినా ఈ వారమే పెంచేయండి. అంబ్రెల్లా పాలసీ (మిగతా పాలసీల లిమిట్ దాటాక ఆదుకునేది) ఏదైనా ఉందా? మీ కొత్త ఇంటికి, కార్లకి కలిపి తీసుకుని ఉంటే దాని వాళ్ళకీ విడిగా తెలియజేయాలి. అది ఈ అద్దె ఇంటిని కూడా కలిపిందో లేదో చూడండి.

ఖాళీ చేయించడం గురించి మీ ఆవిడగారికి మర్యాదగా చెప్పండి, న్యూజెర్సీలో అది కుదిరే పని కాదు. అద్దె సరిగా కడుతున్నవాణ్ణి చట్టం ఒప్పుకునే కారణం లేకుండా పంపడానికి లేదు. పైగా క్లెయిమ్ వేసిన నెలలోనే నోటీసిస్తే కక్షసాధింపు అంటారు. ఒక్క కేసు రెండవుతుంది.

ప్లేనో బావ (టెక్సస్):

పాతకాపు గారు చెప్పినదానికి నా తరఫున ఒక్క ముక్క. మీకు కనీసం లాండ్‌లార్డ్ పాలసీ ఉంది, అదృష్టవంతులు. నేను 2019లో ఆస్టిన్‌లో జాబ్ వచ్చి కుటుంబంతో మారిపోయి, ప్లేనో ఇల్లు అద్దెకిచ్చా. ఇన్సూరెన్స్ మాత్రం పాత హోంఓనర్స్‌దే అలా కంటిన్యూ అయింది. ఎస్క్రోలోంచి (లోన్ కిస్తీతో పాటు ముందే వసూలు చేసి పెట్టుకునే డబ్బులోంచి) లోన్ కంపెనీ కట్టేస్తుంది కదా, ఎవడు చూస్తాడు. టెనెంట్ వాళ్ళ పాప పుట్టినరోజుకి వచ్చిన ఒకాయన గరాజ్ మెట్టు జారి మోకాలు పాడైంది. క్లెయిమ్ వేస్తే కంపెనీ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ రోజు ఆ ఇంట్లో మీరు నివసిస్తున్నారా?" ఆ పాలసీ మీరు నివసించే ఇంటికి రాసింది, మీరు లేనప్పుడు కవరేజీ ఉందో లేదో తేల్చుకునే హక్కు మాకుంది అని ఒక లెటర్ పంపారు. దాని కింద నా లాయర్‌కి నేనే కట్టుకున్నా. ఎనిమిది నెలలు కడుపులో దేవినట్టే ఉండేది. చివరికి ఏదో సర్దుబాటైంది కానీ, ఆ ఏడాది ఇండియా ట్రిప్ పోయింది.

అందుకే ఈ థ్రెడ్ చదువుతున్న మిగతావాళ్ళు, ఇల్లు మారి పాతది అద్దెకిచ్చినవాళ్ళెవరైనా ఉంటే ఇవాళే మీ పాలసీ ఏ రకందో చూసుకోండి. మా టెక్సస్‌లో అయితే టెనెంట్ రిపేర్ గురించి రాతపూర్వకంగా చెప్పాక ఏడు రోజులు సహేతుకమైన టైమ్ అని చట్టం లెక్కేస్తుంది. నేనిప్పుడు ఏ మెసేజ్ వచ్చినా ఏడు రోజుల అలారం పెట్టుకుంటున్నా. మా ఆవిడ మెసేజ్‌లకి తప్ప.

పాతింటి ఓనరు:

పాతకాపు గారూ, మీకు వేల నమస్కారాలు. మీ రిప్లై చదవగానే ఏజెంట్‌కి ఫోన్ చేశా. తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నా కానీ ఆవిడ అసలేం అనలేదు, క్లెయిమ్ నంబర్ ఇచ్చింది. అడ్జస్టర్ (కంపెనీ తరఫున క్లెయిమ్ విచారించేవాడు) రేపు ఫోన్ చేసి నా స్టేట్‌మెంట్ రికార్డ్ చేస్తాడట. అంబ్రెల్లా లేదు. కార్లకే ఉంది అనుకున్నా, చూస్తే అదీ లేదు.

మూడు సందేహాలు. ఒకటి, స్టేట్‌మెంట్‌లో ఆ వాట్సాప్ సంగతి చెప్పాలా? రెండు, రెయిలింగ్ ఇప్పుడు బాగుచేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా? పాప ఆ డెక్ మీద తిరుగుతుంది, నాకు భయంగా ఉంది. మూడోది అడగడానికి మొహమాటంగా ఉంది. ఆంటీని చూడ్డానికి వెళ్ళొచ్చా? ఇంత జరిగాక వెళ్ళకపోతే నాకు మనసొప్పట్లేదు. వెళ్తే ఏమంటారో అని భయం.

క్లెయిమ్స్ పాతకాపు:

స్టేట్‌మెంట్: మీ సొంత కంపెనీకి అన్నీ చెప్పాలి, వాట్సాప్‌తో సహా. వాళ్ళకి సహకరించడం పాలసీ షరతు. తెలిసినది తెలిసినట్టు చెప్పండి, తెలియనిదానికి "తెలియదు" అనండి. మనవాళ్ళకి ఒక అలవాటుంది, అడిగినదానికి ఏదో ఒకటి చెప్పకపోతే మర్యాద కాదనుకుంటారు. ఆవిడ ఎలా పడ్డారో మీరు చూడలేదు. కాబట్టి కథ అల్లకండి. అవతలి లాయర్ ఫోన్ చేస్తే మాత్రం అడ్జస్టర్ నంబర్ ఇచ్చి పెట్టేయండి.

రెయిలింగ్: తప్పకుండా బాగుచేయండి. ప్రమాదం తర్వాత చేసిన రిపేర్‌ని నిర్లక్ష్యానికి రుజువుగా చూపించడానికి సాక్ష్యాల రూల్స్ ఒప్పుకోవు, న్యూజెర్సీలో కూడా. లేకపోతే భయంతో ఎవరూ ఏదీ బాగుచేయరు. కానీ ముందు అడ్జస్టర్‌కి చెప్పి, వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ మెట్లకి అడ్డం కట్టేయండి. టేపు పెట్టి కొలతలతో ఫోటోలు, వీడియో తీయండి. రెయిలింగ్ ఎత్తు 34 నుంచి 38 అంగుళాల మధ్య ఉండాలన్నది బిల్డింగ్ కోడ్, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రైజర్లు (మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువు భాగాలు) ఉన్న మెట్లకి చేతిపట్టు తప్పనిసరి. పాత పోస్టూ మేకులూ ఊడదీశాక చెత్తలో వేయకండి. మేకులు ఒక జిప్‌లాక్‌లో వేసి తేదీ రాసి ఉంచండి.

ఆంటీని చూడ్డానికి వెళ్ళడం: వెళ్ళండి. ముందు అడ్జస్టర్‌తో ఒక మాట అనుకుని వెళ్ళండి. ఎలా ఉన్నారు, చెయ్యి నొప్పి తగ్గిందా, అంతవరకే. రెయిలింగ్, బిల్లు, లాయర్, ఇన్సూరెన్స్ ఈ నాలుగు మాటలూ ఆ గుమ్మం దాటి లోపలికి తీసుకెళ్ళకండి.

ఇంకో మాట. ఆ అబ్బాయి మోసం చేశాడని మీరు లోపల కుములుతున్నట్టు అనిపించింది. ఇక్కడ నేరుగా మీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద కేసు వేయడం కుదరదు. ఆ డబ్బు అందాలంటే కాగితం మీద మీ పేరు రాయాల్సిందే. 46 వేల బిల్లు చేతిలో పెట్టుకుని అతనికి ఇంకో దారేముంది? ఆ లాయర్ ముందు పైసా తీసుకోడు, వచ్చినదాంట్లో మూడో వంతు తీసుకుంటాడు. మీరు అతని స్థానంలో ఉంటే మీరూ అదే చేసేవారు, నేనూ అదే చేసేవాణ్ణి.

అసలు చిక్కు రేపు రావచ్చు, ముందే చెప్తున్నా. ఎవరి తప్పు ఎంత శాతం అని పంచుతారు. ఆవిడ వంతు తప్పు మీ వైపువాళ్ళకంటే ఎక్కువని తేలితేనే ఆవిడకి ఏమీ రాదు, లేకపోతే ఆవిడ శాతం మేరకు తగ్గుతుంది. కుండీ చంకలో పెట్టుకుని ఎక్కారు అని మీ లాయర్ అంటాడు. అది బలహీనమైన వాదన, రెయిలింగ్ ఉన్నదే పట్టుకోవడానికి. బలమైనది వేరే ఉంది: ఊగుతోందని కొడుక్కి తెలుసు కదా, అమ్మకి చెప్పాడా? అప్పుడు అతని మీదకి కూడా వేలు చూపిస్తారు. అతనికి రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్ళు తీసుకునేది) ఉంటే దాన్నీ లాగుతారు. అమ్మగారు ఆ ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి అది పనికొస్తుందో లేదో ఆ పాలసీ చదివితేనే తెలుస్తుంది. ఇది మీరు చేయించేది కాదు, మీ తరఫున లాయర్ చేసేది. కానీ ఆ అబ్బాయికి అలా అనిపించదు.

చివరిగా, మీ పాలసీలో మెడికల్ పేమెంట్స్ అని చిన్న కవరేజీ ఉంటుంది, మామూలుగా వెయ్యి నుంచి 5 వేల డాలర్లు. తప్పెవరిదో తేలక్కర్లేదు. టెనెంట్‌కి రాదు, అతిథికి వస్తుంది. ఆరు నెలలుండటానికి వచ్చినావిడ అతిథా కాదా అని అడ్జస్టర్ తల గోక్కుంటాడు. అయినా అడగండి.

పాతింటి ఓనరు (ఏడు వారాల తర్వాత):

చాలామంది మెసేజ్ చేసి ఏమైందని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

కేసు ఇంకా వేయలేదు, మాటలు నడుస్తున్నాయి. కంపెనీ నాకో లాయర్‌ని పెట్టింది. ఆవిడతో ఒక్కసారే మాట్లాడా, అరగంట. మెడికల్ పేమెంట్స్ కింద నా పాలసీలో ఉన్న 5 వేలూ ఆంటీకి ఇచ్చేశారు, అతిథి అనే ఒప్పుకున్నారు. లయబిలిటీ 5 లక్షలకి పెంచి టౌన్‌షిప్‌లో రిజిస్టర్ చేశా. ప్రీమియం ఏడాదికి 61 డాలర్లు పెరిగింది. ఇంతేనా అని నాకే సిగ్గేసింది. అంబ్రెల్లాకి మాత్రం, ఈ క్లెయిమ్ తెమిలాక రమ్మన్నారు.

ఆంటీని చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం. మా ఆవిడ ముందు రానంది, తర్వాత తనే పళ్ళు సర్దింది. అబ్బాయి తలుపు తీసి, ఒక్క క్షణం ఎటూ పాలుపోనట్టు నిలబడి, "రండి అన్నా" అన్నాడు. ఆంటీ ఎడమచేత్తో టీ కప్పు అందించబోయారు, కోడలు పరిగెత్తుకొచ్చి తీసుకుంది. ఆవిడ అడిగిన మొదటి మాట, "బాబూ, నీకు దీనివల్ల ఇబ్బందేం లేదు కదా?" పాతకాపు గారి నాలుగు మాటలూ గుర్తుకొచ్చి నోరు కట్టేసుకున్నా. "చెయ్యి ఎలా ఉందాంటీ" అన్నా. కరివేపాకు మొక్క కుండీ పగిలిందట కానీ మొక్క బతికింది, కిచెన్ కిటికీ దగ్గర పెరుగు డబ్బాలో ఉంది.

రెయిలింగ్ బాగుచేయించా. కొత్త పోస్ట్, బోల్టులు, కాంట్రాక్టర్ కూలీతో కలిపి 340 డాలర్లు. పాత పోస్ట్ మా గరాజ్‌లో నల్ల కవర్లో చుట్టి ఉంది, పక్కన మేకుల జిప్‌లాక్. ఆ మూల మా ఆవిడ క్రిస్మస్ చెట్టు పెట్టే చోటు. ఎన్నాళ్ళు దీన్ని ఇలా అంది. కేసు వేయడానికి పడ్డ రోజు నుంచి రెండేళ్ళ గడువుంటుందని లాయర్ చెప్పింది. అంటే 2027 అక్టోబర్ దాకా ఆ మూల దానిదే.